వంతెన కిందికి దిగితే



కారులో వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నా, వంతెన వచ్చిందని తెలిసిపోతుంది. అంతవరకూ ఒకటే హోరుగా ఉన్న చక్రాల చప్పుడు మారుతుంది. టక్... కాస్త ఆగి మళ్లీ టక్... మళ్లీ టక్. వంతెన ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకు చోటుండాలి కాబట్టి ఖానాకీ ఖానాకీ మధ్య ఓ సందు వదులుతారు. ఖానా అంటే రెండు స్తంభాల మధ్య భాగం. చక్రం ఆ సందు దాటినప్పుడల్లా వినిపించేదే ఆ టక్కు. చిన్నప్పుడు మా నాన్నగారి స్కూటరు వెనక కూర్చుని ఆ టక్కులు లెక్కపెట్టేవాణ్ణి. ఎన్ని టక్కులైతే దాదాపు అన్ని ఖానాలన్న మాట. ఇప్పటి వంతెనల్లో రెండు మూడు ఖానాలు కలిపి పైన ఒకే పలకగా పోస్తున్నారు కాబట్టి ఆ లెక్క కుదరడం లేదు. అయినా అలవాటు పోలేదు.

గత పాతికేళ్లుగా నాకున్న పిచ్చి ఒక్కటే. సెలవు దొరికితే బండి తీసుకుని బయల్దేరడం, దారిలో వంతెన కనిపిస్తే దిగి ఫొటో తీయడం. గుళ్లకు వెళ్లేవాళ్లుంటారు, జలపాతాలకు వెళ్లేవాళ్లుంటారు. నేను వంతెనలకు వెళ్తాను. ఇంట్లోవాళ్లు మొదట్లో నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఇప్పుడు సర్దుకుపోయారు. మా పిల్లలైతే దూరాన ఏదైనా వంతెన కనబడగానే, "నాన్న దిగుతాడు, అరగంట నిద్రపోవచ్చు" అని సీట్లు వెనక్కి వాల్చేస్తారు.

ఈ పిచ్చి మొదలైన కొత్తలో చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. జొన్నాడ దాటి రావులపాలెం వెళ్లే దారిలో గౌతమి మీద వంతెన ఉంది కదా, దాని నడుమ స్కూటరు ఆపి, కాలిబాట మీద మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, సూర్యాస్తమయం కోసం కాచుకున్నాను. ఎంతో ఓపిగ్గా పది ఫొటోలు తీశాను. కడిగించి చూస్తే పదీ అలికేసినట్టు వచ్చాయి. కారణం తర్వాత తెలిసింది. లోడు లారీ వెళ్తుంటే వంతెన ఊగుతుంది. మన కాళ్లకు అంతగా తెలియదు కానీ కెమెరాకు బాగా తెలుస్తుంది. అది చాలదన్నట్టు ఓ పోలీసాయన వచ్చి నాలుగు చివాట్లు పెట్టి పంపించారు. ఆయన చేసింది న్యాయమే. తిరిగొస్తూ ఒడ్డున టీకొట్టు దగ్గర కూర్చుంటే, కొట్టు పెద్దాయన అంతా విని, "వంతెన ఎక్కితే వంతెన ఎలా కనిపిస్తుందండీ? రేవులోకి దిగండి" అన్నాడు.

ఆ మాటతో నాకు దారి దొరికింది. నిజమే కదా. వంతెన ఎవరి కోసం కట్టారో వాళ్లకు మాత్రం అది కనిపించదు. రోడ్డు కనిపిస్తుంది, పిట్టగోడ కనిపిస్తుంది, ముందు వెళ్లే బస్సు వెనకద్దం కనిపిస్తుంది. వంతెనను వంతెనగా చూసేది పడవవాడు, చాకిరేవులో బట్టలు ఉతికేవాడు, ఇసుక ఎత్తేవాడు, గేదెలను నీళ్లకు తోలుకొచ్చిన కుర్రాడు. అప్పటినుంచి ఏ వంతెన దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది, "ఇక్కడ పాత రేవు ఎక్కడండీ?" అని. నూటికి తొంభై చోట్ల రేవు ఉంటుంది. ఎందుకంటే వంతెన గాల్లోంచి ఊడిపడలేదు. అంతకుముందు జనం ఎక్కడ ఏరు దాటేవారో, ఆ చుట్టుపక్కలే వంతెన లేచింది. రేవులో నిలబడితే ఫొటోకు కావలసిన చోటు దొరుకుతుంది, దాంతోపాటు కథ చెప్పే మనిషీ దొరుకుతాడు.

ఇందుకు రాజమహేంద్రవరాన్ని మించిన బడి లేదు. గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలిపోతుంది. కింద దాటాలంటే ఎన్ని పాయలో అన్ని వంతెనలు. అందుకే ఇక్కడే, అంతా ఒక్క నదిగా ఉన్నచోటే, కొవ్వూరుకూ రాజమండ్రికీ మధ్య ఒకదాని తర్వాత ఒకటి నాలుగు వంతెనలు లేచాయి. పాత హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన, 1997లో రైళ్లు మొదలైన కమానుల వంతెన, 2015 పుష్కరాల వేళకు వచ్చిన కొత్త రోడ్డు వంతెన. నూరేళ్ల పైబడిన ఇంజినీరింగు చరిత్ర ఒక్క సాయంత్రంలో, ఒడ్డున నడుస్తూ చూడొచ్చు.

హేవలాక్ వంతెన పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు, హౌరాల మధ్య రైలు నడపడానికి కట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. కట్టించిన ఇంజినీరు వాల్టన్. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టించిందీ ఆయనే, ఇప్పుడు దాన్ని మాలవీయ వంతెన అంటున్నారు. కాశీకి వెళ్లి గంగ, ఇంటికొచ్చి గోదావరి అనుకునే మనవాళ్లకు, ఆ రెండు నదుల మీదా రైలు దాటించింది ఒకే చెయ్యి అని ఎంతమందికి తెలుసు? మొత్తం 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు. 1997లో రైళ్లు ఆపేశారు. ఇనుప గడ్డర్లు మాత్రం ఇంకా నది మీద వరుసగా నిలబడే ఉన్నాయి. రైలు లేని రైలువంతెనను ఫొటో తీయడంలో ఓ ఇబ్బంది ఉంది. దాని పొడవు ఫొటోలో ఇమడదు. మొత్తం పట్టాలని వెనక్కి జరిగితే నదిమీద గీసిన గీతలా ఉంటుంది. అందుకని నేను మొత్తం వదిలేసి ఒక్క స్తంభం, దాని పక్కన ఒక్క నాటుపడవ తీసుకుంటాను. పడవ పక్కన పెడితేగాని స్తంభం ఎంతటిదో చూసేవాళ్లకు తెలియదు.

ఆ స్తంభాల గురించి ఓ మాట. గోదావరి అడుగున చాలా లోతుదాకా ఇసుకే. ఇసుకలో స్తంభం ఎలా నిలబడుతుంది? బావి దించుతారు. అంటే మన దొడ్లో బావికి దించే వరల్లాంటిదే, కానీ ఇల్లంత లావు. దాన్ని ఇసుక మీద నిలబెట్టి, లోపలి ఇసుకను తోడుతుంటారు. తోడేకొద్దీ అది తన బరువుతో తానే కిందికి కుంగుతుంది. పైన ఇంకో వరస కడతారు, మళ్లీ తోడతారు. గట్టి నేల తగిలేదాకా అదే పని. తర్వాత లోపల నింపేసి, దాని మీద స్తంభం లేపుతారు. ఇనుప గడ్డర్లు ఓడల్లో సీమనుంచి వచ్చిన కాలంలో కూడా కిందున్న ఆ బావుల్ని దించింది మాత్రం మన కూలీలే. వేసవిలో, ఏప్రిల్, మే నెలల్లో, నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడ్డప్పుడు వెళ్తే కొన్ని స్తంభాల కింద ఆ బావి అంచు గుండ్రంగా కనిపిస్తుంది. అదే ఆగస్టులో ఎర్రనీరు వచ్చినప్పుడు వెళ్లండి, స్తంభం సగం మునిగి, నీరు దాని దగ్గర రెండుగా చీలి పోతుంటుంది. ఈ రెండు ఫొటోలూ ఒకే చోటునుంచి తీసి పక్కపక్కన పెడితే, చూసినవాళ్లు రెండు వేర్వేరు వంతెనలనుకుంటారు.

కమానుల వంతెన సంగతి వేరు. గోదావరి అనగానే క్యాలెండర్ల మీదా సినిమాల్లోనూ అందరికీ తెలిసిన రూపం అదే. 28 కమానులు, ఒక్కో ఖానా 97 మీటర్ల పైచిలుకు. ఇనుము కాదు, కాంక్రీటు. దీని కిటుకు విల్లులో ఉంది. విల్లు వంచి రెండు కొసలకూ అల్లెతాడు బిగిస్తే, కొసలు విడిపోకుండా ఆ తాడే పట్టి ఉంచుతుంది. ఇక్కడ కమాను విల్లు, రైలు వెళ్లే పలక అల్లెతాడు. కమాను బరువు పక్కలకు తన్నకుండా ఆ పలక లాగి పట్టుకుంటుంది, కాబట్టి స్తంభాలు నిటారుగా బరువు మోస్తే చాలు, పక్కతోపు కాచుకోనక్కర్లేదు. ఇది తెలిశాక ఆ కమానులు నాకు మరింత అందంగా కనిపించాయి. అందం కోసం వంచారనుకున్నది అవసరం కోసం వంచారన్న మాట.

రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. అందుకని సాయంత్రం రాజమండ్రి ఘాట్లలో నిలబడితే పొద్దు ఎదురుగా కొవ్వూరు వైపు దిగుతుంది, కమానులు నల్లగా, వెనక ఆకాశం కుంకుమ రంగులో. ఆ ఫొటో ఎవరు తీసినా బాగుంటుంది, అందుకే అందరి దగ్గరా ఉంటుంది. నా మాట వినేవారైతే తెల్లవారుజామున కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు వెళ్లండి. ధనుర్మాసంలో అయితే ఇంకా మంచిది. నది మీద మంచు పరుచుకుని, స్తంభాలు లేకుండా పైన కమానులొక్కటే తేలుతున్నట్టు ఉంటుంది. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. రైలు కోసం మాత్రం కాస్త ముందుగానే సిద్ధంగా ఉండాలి. ఇంజను కమానులోకి వచ్చాక ఫోను తీస్తే గార్డు పెట్టె దొరుకుతుంది.

రోడ్డు-రైలు వంతెన మీద బస్సులో వెళ్లేవారికి కింద రైలు పోతోందని కాళ్ల కింద వణుకు తప్ప ఇంకే ఆనవాలూ ఉండదు. ఒడ్డునుంచి చూస్తే పైన లారీలు, కింద రైలు, ఆ కింద నది, నది మీద పడవ. నాలుగు అంతస్తుల ప్రయాణం. టీకొట్టు పెద్దాయన మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రైలు వంతెన ఎక్కగానే పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి చేరి, గోదారమ్మకు దణ్ణం పెట్టి చిల్లర వేయడం మీరూ చేసే ఉంటారు. మా అమ్మమ్మ నా చేతిలో పావలా పెట్టి, గడ్డరుకు తగలకుండా వెయ్యమనేది. తగిలితే టంగుమని మోగి వెనక్కొచ్చేది, మళ్లీ వెయ్యమనేది. ఆ చిల్లర ఏమవుతుందో రేవులోకి దిగాకే తెలిసింది. తాడుకు పెద్ద అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరి లాగేవాళ్లున్నారు. ఉక్కు నాణేలు అంటుకుని వస్తాయి. మా అమ్మమ్మ కాలపు పాత నాణేలు చాలావరకు రావు, వాటిలో ఎక్కువ అంటుకునే లోహం కాదు. "పాతవి గోదారమ్మకే, కొత్తవి మాకండీ" అన్నాడొకతను నవ్వుతూ. అతని చేతి మీద ఫోకస్ పెట్టి, వెనక వంతెనను మసకగా వదిలి ఒక ఫొటో తీశాను. నా దగ్గరున్న వంతెన ఫొటోల్లో నాకు బాగా ఇష్టమైనది అదే.

ధవళేశ్వరం దగ్గర ఎక్కువసేపు ఆగమని చెప్పను. అది ఆనకట్టే గాని వంతెన కాదు, మీదుగా రోడ్డు ఉందంతే. అయినా గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ పేరు తలచుకోకుండా గోదావరి జిల్లాల్లో ఎవరూ ముందుకెళ్లరు. ఆయన మొదటి ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. ఇప్పుడు మనం చూసే 175 గేట్ల బ్యారేజీ 1982లో పూర్తయినది. వరదరోజుల్లో ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండో హెచ్చరిక వచ్చిందంటే ఫొటోల మాట మరిచిపోయి ఇంటిదారి పట్టండి.

అక్కడినుంచి కోనసీమలోకి దిగితే నాకు తెలిసినంతలో అన్నిటికన్నా చిత్రమైన వంతెన పి. గన్నవరం దగ్గర ఉంది. మామూలుగా వంతెన మీద మనుషులు వెళ్తారు. దీని మీద నీళ్లు వెళ్తాయి. కింద వైనతేయ పాయ, దానికి అడ్డంగా పైన కాలువ. అవతలి లంక భూములకు సాగునీరు అందించాలంటే పాయ దాటించాలి కదా. అందుకు పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో, కాటన్ దగ్గర పనిచేసిన హేగ్ అనే ఇంజినీరు 49 కమానులతో అక్విడక్టు కట్టించాడు. మన ఊళ్లకు సిమెంటు రాని కాలం, అంతా సున్నంతో పని. సుమారు నూట యాభై ఏళ్లు మోశాక, దాని బదులు పక్కన కొత్తది కట్టారు. కొత్తదానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మ అక్విడక్టు. లంకల గన్నవరం ఇల్లాలే సీతమ్మగారు, వేళకాని వేళ తలుపు తట్టినవాళ్లకు కూడా వండి వడ్డించిన తల్లి. ఊళ్లకూ రోడ్లకూ నాయకుల పేర్లు పెట్టడం చూసి చూసి విసిగినవాణ్ణి. పొలాలకు నీరందించే కట్టడానికి అన్నం పెట్టిన మనిషి పేరు పెట్టడం మాత్రం నాకెంతో నచ్చింది.

అక్కడ కమానుల కింద ఒకదాని లోంచి ఇంకోదాన్ని చూస్తే, అద్దంలో అద్దంలాగా ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ పోతాయి. మధ్యాహ్నం ఎండలో తీస్తే నీడలు గట్టిగా పడి బాగుండదు. పొద్దున్నే ఏటవాలు వెలుగు కమానుల లోపలికి వచ్చినప్పుడు తీయాలి.

ఇక యానాం. ఎదుర్లంక నుంచి యానాంకు గౌతమి మీద వంతెన 2002లో వచ్చింది. అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరయిన బాలయోగి అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, ఆయన పేరే దానికి పెట్టారు. అంతకుముందు అమలాపురం వైపునుంచి కాకినాడ వెళ్లాలంటే, రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి, లేదా ఎదుర్లంక రేవులో పంటు ఎక్కాలి. పంటంటే ఈతరం పిల్లలకు తెలియకపోవచ్చు. రెండు పడవలు పక్కపక్కన చేర్చి, పైన బల్లలు పరిచి, దాని మీదికి మనుషుల్ని, సైకిళ్లని, స్కూటర్లని, ఒక్కోసారి కారునీ ఎక్కించి అవతలికి చేర్చేవారు. మా నాన్నగారి స్కూటరు ఎన్నిసార్లు పంటెక్కిందో లెక్కలేదు. ఎక్కించేటప్పుడు బల్ల మీద చక్రం జారకుండా ఇద్దరు వెనకనుంచి పట్టుకునేవారు. నది మధ్యకు వెళ్లాక గాలి వీస్తే అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకునేది. నాన్నగారు మాత్రం స్కూటరు హ్యాండిలు వదలకుండా అటు యానాం ఒడ్డునే చూస్తుండేవారు.

ఇన్నేళ్లలో ఆ వంతెనను నేను ఎన్నో రకాలుగా ఫొటో తీశాను. వానలో, మబ్బులో, పున్నమి రాత్రి, యానాం ఒడ్డున చెట్ల కిందనుంచి. కానీ ఆ పంటు ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. మా ఇంట్లో అప్పుడు కెమెరా లేక కాదు. ఉంది. పెళ్లిళ్లకు తీశాం, తిరపతి వెళ్తే తీశాం. రోజూ ఎక్కే పంటును ఎవరు ఫొటో తీస్తారు? వంతెన వచ్చిన రోజున అందరం వంతెననే తీశాం.

ఆ సంగతి తట్టినప్పటినుంచి నా ప్రయాణాల్లో పెద్ద వంతెనలకన్నా చిన్నవే ఎక్కువగా వెతుకుతున్నాను. పేరుపొందినవాటిని ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు. హైదరాబాదులో 1578 నాటి పురానాపూల్ ఉంది, నగరం పుట్టకముందే మూసీ మీద కట్టింది, ఇరవై రెండు కమానులు. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతారు, బేరమాడుతూ నడిచి చూడొచ్చు. దాని ఫొటోకు కొదవ లేదు. కానీ మన్యంలో వాగు మీది చప్టాను, కాలువ మీది లాకు పక్కన కర్ర వంతెనను, రోడ్డు వెడల్పు చేస్తే రేపు పగలగొట్టబోయే పాత తూమును ఎవరు తీస్తారు? తాటిబద్ద ఒకటి వేసి, పట్టుకోవడానికి పక్కన వెదురు కట్టిన వంతెనలు కోనసీమ కాలువల మీద నేను చూస్తుండగానే తగ్గిపోయాయి.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. రైలు పట్టాల మీదికి, రైలు వంతెన మీదికి ఫొటో కోసం వెళ్లకండి. అది నేరం. అంతకన్నా ముఖ్యం, వంతెన మీద రైలు వస్తే పక్కకు తప్పుకోవడానికి చోటు ఉండదు. బ్యారేజీల దగ్గర కాపలావాళ్లు తీయొద్దంటే వాదించకుండా కెమెరా సంచిలో పెట్టేయండి. ఇక రేవులోకి దిగేటప్పుడు నాచు మీద చూసి అడుగేయండి. రెండుసార్లు పడ్డవాడి మాటగా చెబుతున్నాను.

మీ ఊరికి ఏరో కాలువో వాగో ఉండే ఉంటుంది. దాన్ని దాటించే వంతెనో, చప్టానో, బల్లకట్టో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం కాస్త పొద్దున్నే వెళ్లి, కిందికి దిగి, దానికో ఫొటో తీయండి. పక్కన మీ ఇంటి పిల్లవాణ్ణి నిలబెట్టండి, ఎత్తు తెలుస్తుంది. ఫోనులో వదిలేయక ఒక కాగితం మీద అచ్చు వేయించి, వెనక వాగు పేరు, ఊరి పేరు, తేదీ పెన్నుతో రాసి బీరువాలో పెట్టండి.